గడియ ఎవరి చేతిలో ఉంది?

పలాస-కాశీబుగ్గలోనో టెక్కలిలోనో కొత్తగా దుకాణ సముదాయం కట్టే యజమాని ముఖద్వారం విషయంలో చాలామందిని సంప్రదిస్తాడు. ఏ దిక్కున పెట్టాలో వాస్తు చెప్పే ఆయన్ని అడుగుతాడు. ఎంత ఖర్చవుతుందో మేస్త్రీని అడుగుతాడు. అద్దం తలుపు బాగుంటుందా, ఇనుప షట్టరు సరిపోతుందా అని తోటి వ్యాపారిని అడుగుతాడు. ఆ తలుపు వెనక రోజుకు పది గంటలు నిలబడి పనిచేయబోయే అమ్మాయిని గానీ, చంటిబిడ్డను ఎత్తుకుని ఆ మెట్లెక్కి రావలసిన తల్లిని గానీ అడగాలని అతనికి తోచదు. ఈ విషయంలో వాళ్ళకు చెప్పడానికి ఏదో ఉంటుందని కూడా అతను అనుకోడు.

తలుపు కూడా ఒక హక్కుల సమస్యేనా అని కొందరు మిత్రులు అడగవచ్చు. కూలి రేట్లు, పి.ఎఫ్., లైంగిక వేధింపులు ఇన్ని ఉండగా తలుపు గురించి మాట్లాడే తీరిక మనకుందా అనవచ్చు. మన సమాజంలో గడపకూ స్త్రీకీ ఉన్న సంబంధం ఎంత పాతదో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. ఇంటి గడపకు పసుపు రాసి బొట్లు పెట్టే పని స్త్రీది. ఆ గడప దాటే నిర్ణయం మాత్రం ఆమెది కాదు. ‘గడప దాటింది’ అన్న మాట ఆడవాళ్ళ విషయంలోనే నింద అయింది. దాటడానికి మన ముందు తరాలు చాలా పోరాడాయి. దాటిన స్త్రీ వెళ్ళి చేరేది మరో గడపలోకి. అది దుకాణం కావచ్చు, జీడిపప్పు ఫ్యాక్టరీ కావచ్చు, కల్యాణ మండపం కావచ్చు, ఆస్పత్రి కావచ్చు. ఈ రెండో గడప ఎవరి లెక్కల ప్రకారం కట్టబడింది, దాని గడియ ఎవరి చేతిలో ఉంది అన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్న విషయం.

కాశీబుగ్గ నేర్పిన పాఠం

2025 నవంబరు 1, శనివారం. కార్తీక ఏకాదశి. కాశీబుగ్గలోని వెంకటేశ్వరస్వామి ఆలయానికి వేల మంది భక్తులు వచ్చారు. తొక్కిసలాటలో తొమ్మిది మంది చనిపోయారు. వారిలో అత్యధికులు స్త్రీలు. అది దేవాదాయ శాఖ కింద లేని ప్రైవేటు ఆలయం. లోపలికి వెళ్ళేందుకూ బయటికి వచ్చేందుకూ ఒకే దారి ఉండటం, మెట్ల దగ్గర రెయిలింగు ఊడిపోవడం ప్రమాద కారణాలుగా అప్పుడే బయటపడ్డాయి.

ఆ రోజు వినిపించిన మాటల్లో రెండింటిని మనం పట్టించుకోవాలి. ‘ఇంతమంది వస్తారని అనుకోలేదు’ అన్నది ఒకటి. ‘ఆడవాళ్ళు తోసుకున్నారు’ అన్నది రెండోది. కార్తీక మాసంలో ఉపవాసాలూ దీపాలూ స్త్రీల మీద సమాజం పెట్టిన బాధ్యత. కుటుంబ క్షేమం కోసం తెల్లవారుజామునే లేచి, ఏమీ తినకుండా, పిల్లల చేయి పట్టుకుని వరుసలో నిలబడేది వాళ్ళే. ఏకాదశినాడు గుడికి స్త్రీలు ఎక్కువగా వస్తారన్నది శ్రీకాకుళం జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. తెలిసిన సంగతిని ఊహించని పరిణామంగా చెప్పడం, చనిపోయినవాళ్ళ తొందరపాటే కారణమన్నట్టు మాట్లాడటం బాధ్యత నుంచి తప్పుకునే పద్ధతి. ఎదురెదురుగా వచ్చే రెండు గుంపులకు ఒకే ఇరుకు దారి ఇస్తే ఎంత ఓపికగల మనుషులైనా నలిగిపోతారు. అక్కడ లేకపోయింది క్రమశిక్షణ కంటే ముందు రెండో ద్వారం.

గుడి దుకాణం కాదు, నిజమే. కానీ ప్రైవేటు వ్యక్తులు కట్టి, జనాన్ని పిలిచే ప్రతి కట్టడానికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. అదే పట్టణంలో బట్టల షోరూములు, నగల దుకాణాలు, ఫంక్షన్ హాళ్ళు, ప్రైవేటు ఆస్పత్రులు, కోచింగ్ సెంటర్లు ఎన్ని ఒకే ద్వారంతో నడుస్తున్నాయి? పండగ ముందు రోజు ఆషాఢం సేల్ లోనో సంక్రాంతి సేల్ లోనో వాటిలో నిండేది ఎవరు? లెక్క తీయడానికి మనకు పెద్ద సర్వే అక్కరలేదు. ఒక సాయంత్రం రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే చాలు.

సగం దించిన షట్టరు

మన చిన్న పట్టణాల్లో వ్యాపార భవనం అంటే వరసగా ఇనుప షట్టర్లు. చవక, స్థలం తినదు, దొంగల భయం ఉండదు. వ్యాపారి వైపు నుంచి చూస్తే ఇంతకంటే మంచి తలుపు లేదు. లోపలి మనిషి వైపు నుంచి చూద్దాం.

షట్టరుకు తాళం వేసేది బయట, నేల మట్టానికి. వంగి, రెండు చేతులా బలంగా ఎత్తితే గానీ లేవదు. బయట తాళం పడితే లోపలివాళ్ళు చేయగలిగింది దాన్ని బాదడం ఒక్కటే. ఉద్దానం తీరంలో దీనికి మరో చిక్కు ఉంది. సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. షట్టరు జారే పట్టాలు, స్ప్రింగులు, తాళం కొక్కేలు బిగుసుకుపోతాయి. మామూలు రోజునే ఇద్దరు మగవాళ్ళు పట్టి లాగితే లేచే షట్టరును పొగ నిండిన గదిలో ఒక సేల్స్ గర్ల్ ఎలా ఎత్తగలదు?

రాత్రి దుకాణం కట్టేశాక ఆ వీధుల్లో చూడండి. షట్టరు సగం దించి ఉంటుంది. లోపల లైటు వెలుగుతుంటుంది. కొనుగోలుదారులకు దుకాణం మూసినట్టే. పనిచేసే అమ్మాయిలకు మాత్రం పని అవలేదు. విప్పిన చీరలు మడతపెట్టాలి, స్టాకు లెక్క చూడాలి, ఊడ్చి సర్దాలి. ఆ సగం దించిన షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చి, ఆఖరి బస్సో ఆటోనో అందుకోవాలి. పని గంటలు ఎక్కడ ముగుస్తాయో తెలియని స్థితికి ఆ షట్టరే గుర్తు. కార్మిక శాఖ ఇన్స్పెక్టరు వచ్చినా ‘దుకాణం మూసేశాం కదండీ’ అని యజమాని చెప్పగలడు.

పెద్ద షోరూముల్లో షట్టరు ముందు ఇప్పుడు అద్దం తలుపు వచ్చింది. దాని పక్కన నవ్వుతూ నమస్కారం పెట్టడానికి ఒక అమ్మాయిని నిలబెట్టడం కూడా వచ్చింది. తలుపు తీయడమే ఆమె ఉద్యోగం, కానీ ఆ తలుపు మీద ఆమెకు ఏ అధికారమూ లేదు. కేరళలో దుకాణాల్లో పనిచేసే స్త్రీలు పోరాడి 2018లో పనిచోట కూర్చునే హక్కును చట్టంలోకి తెచ్చుకున్నారు. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. అదే స్త్రీలు తలుపు గురించి ఎందుకు మాట్లాడకూడదు?

జీడిపప్పు విలువ, మనిషి విలువ

పలాస పేరు చెబితే దేశమంతటికీ జీడిపప్పు గుర్తొస్తుంది. ఉద్దానం తోటల్లో పండే పిక్క చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు తెప్పించి ఇక్కడ పప్పు తీస్తారు. పిక్క కోయడం, పొట్టు తీయడం, గుండ్లూ బద్దలూ వేరుచేసి సైజుల వారీగా ఏరడం ఎక్కువగా స్త్రీలు చేసే పని. జీడి నూనె వాళ్ళ చేతుల్ని కాల్చి నల్లగా చేస్తుంది. ఆ నూనే తేలిగ్గా మండుతుంది. అది ఉన్న పెంకుల్ని బాయిలరు కింద వంటచెరకుగా వాడతారు. అంటే మంట, దానికి మేత, మనుషులు ఒకే ఆవరణలో ఉన్నారన్న మాట.

ఇలాంటి చోట ద్వారాలు ఎక్కువ ఉండాలని ఎవరికైనా తోస్తుంది. వ్యాపార తర్కం దీనికి సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది. పప్పు ఖరీదైనది, గుప్పెడు పప్పు కొంగులో కట్టుకుపోతారు, కాబట్టి దారి ఒక్కటే ఉండాలి, ఆ ఒక్క దారిలో సంచీ, టిఫిను క్యారేజీ విప్పి చూడాలి. ద్వారం ఎన్ని, ఎక్కడ అన్న నిర్ణయం వెనక ఉన్నది కార్మికురాలు దొంగ అన్న అనుమానం. ఈ అనుమానానికి వర్గ స్వభావం ఎంత ఉందో, కుల స్వభావమూ స్త్రీల పట్ల చులకనా అంతే ఉన్నాయి. ఆఫీసు గదిలో లెక్కలు రాసే గుమాస్తా సంచీని ఎవరూ విప్పరు.

ఈ తర్కం ఎక్కడికి దారి తీస్తుందో చరిత్ర చెప్పింది. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడింది. 146 మంది చనిపోయారు. వారిలో 123 మంది స్త్రీలు. చాలామంది ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన పేద అమ్మాయిలు. తొమ్మిదో అంతస్తులో మెట్లవైపు తలుపు ఒకటి తాళం వేసి ఉంది. పనివాళ్ళు గుడ్డముక్కలు దొంగిలిస్తారని, వెళ్ళేటప్పుడు సంచులు వెతకాలని ఆ ఏర్పాటు. పొగలో చిక్కుకున్న అమ్మాయిలు కిటికీల నుంచి దూకి చనిపోయారు. యజమానుల మీద కేసు నడిచింది. తలుపుకు తాళం ఉన్న సంగతి వాళ్ళకు తెలుసునని నిరూపణ కాలేదని వాళ్ళను విడిచిపెట్టారు. 1993 మే 10న థాయిలాండులో కాడెర్ బొమ్మల ఫ్యాక్టరీలో 188 మంది చనిపోయారు. ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన యువతులు. అక్కడా మూసిన తలుపులే. 2012 నవంబరు 24న బంగ్లాదేశ్‌లో తజ్రీన్ ఫ్యాక్టరీలో వందకు పైగా కార్మికులు చనిపోయినప్పుడు కూడా తాళం వేసిన గేట్ల కథే వినవలసి వచ్చింది.

ఇవి దూరదేశాల సంగతులని సరిపెట్టుకోలేం. 2022 మే 13న ఢిల్లీ ముండ్కాలో వ్యాపార భవనం తగలబడి 27 మంది చనిపోయారు. ఎక్కువమంది స్త్రీలు. దిగడానికి ఒకే మెట్ల దారి. అదే ఏడాది మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాం పైన నిద్రిస్తున్న 11 మంది బీహారు కార్మికులు చనిపోయారు. వాళ్ళకున్న దారి మంటలు లేచిన గోదాం గుండానే. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. తెలంగాణ పల్లెల నుంచి ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలు వాళ్ళు. మన ఉద్దానం అమ్మాయిలు కూడా విశాఖకీ హైదరాబాదుకీ అలాంటి భవనాల్లోకే పనికి వెళుతున్నారు.

చట్టం ఏమంటోంది?

ఈ విషయంలో చట్టం మౌనంగా లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షను తొలి రూపంలోనే రెండు సూత్రాలు స్పష్టంగా ఉన్నాయి. గదిలో మనిషి ఉన్నంతసేపు, లోపలి నుంచి వెంటనే తెరవలేని విధంగా తలుపు మూసి ఉంచకూడదు. పక్కకు జరిగే తలుపులు తప్ప మిగిలినవి బయటివైపు తెరుచుకోవాలి. 1987 సవరణతో ఈ వివరాలు చట్టం నుంచి రాష్ట్రాల నియమావళికి మారాయి.

బయటివైపు తెరుచుకోవడం ఎందుకు ముఖ్యం? భయపడిన గుంపు తలుపు మీదికి తోసుకొస్తుంది. రెక్క లోపలికి తెరుచుకునేదైతే ముందున్నవాళ్ళు వెనక్కి జరిగితే గానీ అది తెరుచుకోదు. వెనకవాళ్ళు జరగనివ్వరు. తలుపుకు తాళం లేకపోయినా అది గోడ అయిపోతుంది. బయటికి తెరుచుకునే రెక్కను ఆ గుంపు బలమే తెరుస్తుంది. ఉద్దానానికి ఇందులో మరో లాభం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు గాలి బలమేమిటో ఇక్కడివాళ్ళు చూశారు. లోపలికి తెరుచుకునే రెక్కను ఎదురుగాలి తోసేస్తే ఆపేది గడియ ఒక్కటే. బయటికి తెరుచుకునే రెక్కను అదే గాలి ద్వారబంధానికి నొక్కి పెడుతుంది. మంటకూ తుఫానుకూ పనికొచ్చే తలుపు ఒకటే.

2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ఇంకా వివరంగా చెబుతుంది. బయటికి దారి తీసే ద్వారం వెడల్పు కనీసం 1 మీటరు, జనం గుమిగూడే హాళ్ళకైతే 2 మీటర్లు ఉండాలి. తాళంచెవి అవసరం లేకుండా లోపలివైపు నుంచి తెరుచుకోవాలి. తలుపు తీయగానే మెట్టు రాకూడదు, నిలబడే చదును ఉండాలి. అయితే ఈ స్మృతి తనంతట తాను శాసనం కాదు. రాష్ట్ర నియమాల ద్వారా, ప్లాను మంజూరు చేసే స్థానిక సంస్థల ద్వారా అమలు కావాలి. మన రాష్ట్రంలో 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం కింద ఆ శాఖ అనుమతి తప్పనిసరి అయ్యేది వాణిజ్య భవనం 15 మీటర్ల ఎత్తుకు చేరినప్పుడు. ఫంక్షన్ హాళ్ళు, సినిమాహాళ్ళ వంటి వాటికి ఇంతకంటే తక్కువ పరిమితులున్నాయి. పలాస, టెక్కలి, సోంపేట బజారుల్లో రెండు మూడు అంతస్తుల దుకాణాలు ఈ వలలోంచి సులభంగా జారిపోతాయి.

కాశీబుగ్గ దుర్ఘటన జరిగిన ఇరవై రోజులకే, 2025 నవంబరు 21న, కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక స్మృతులను అమల్లోకి తెచ్చింది. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి ‘ఫ్యాక్టరీ’ నిర్వచనాన్ని మార్చింది. కరెంటుతో నడిచేవాటికి పదిమంది కార్మికుల పరిమితి ఇరవైకి, కరెంటు లేనివాటికి ఇరవై నుంచి నలభైకి పెరిగింది. పదిమంది దాటిన సంస్థలకు సాధారణ బాధ్యతలు వర్తిస్తాయి గానీ, పదిహేను మంది స్త్రీలు పప్పు ఏరే చిన్న యూనిట్ ఇక ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు. పదిహేను మందికి మంట తక్కువ వేడిగా తగులుతుందా?

లోపలికి వెళ్ళే హక్కు

ఇంతవరకు బయటికి రావడం గురించి మాట్లాడాను. లోపలికి వెళ్ళడం కూడా అంత సులభం కాదు. మన రాజ్యాంగం 15(2) అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరుడికీ దుకాణాల్లో, హోటళ్ళలో, వినోద స్థలాల్లో ప్రవేశం నిరాకరించకూడదని చెప్పింది. దుకాణం గుమ్మాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చారంటే, ఆ గుమ్మం దగ్గర ఎంతమంది ఆగిపోవలసి వచ్చిందో రాసినవారికి తెలుసు. ఇప్పుడు ఎవరినీ నోటితో వద్దనరు. ఆ పని కట్టడమే చేస్తుంది. మురుగు కాలవ దాటడానికి ఒక బండ, దాని మీద నాలుగు మెట్లు, పైన బరువైన అద్దం తలుపు, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘పుష్’, ‘పుల్’, లోపల చల్లటి గాలి. చేపల గంప దించి వచ్చిన స్త్రీ, జీడి మరకలున్న చేతులతో ఉన్న స్త్రీ ఆ తలుపు ముందు ఒక క్షణం ఆగుతుంది. ఆ ఆగడం వెనక వందల ఏళ్ళ కుల అవమానం ఉంది.

మెట్ల సంగతి ఉద్దానంలో ఇంకా తీవ్రమైనది. మూత్రపిండాల జబ్బుతో ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో మనకు తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ అయి నీరసంగా ఉన్న మనిషి ఆస్పత్రిలో ర్యాంపు మీద దిగి వస్తాడు. మందుల షాపుకో, పింఛను డబ్బు కోసం బ్యాంకుకో వెళితే అక్కడ మెట్లు. అతన్ని భుజం పట్టి ఎక్కించేది భార్యో, కూతురో, కోడలో. ద్వారం దగ్గర ర్యాంపు లేకపోతే ఆ భారం స్త్రీ వీపు మీద పడుతుంది. యజమాని పొదుపు చేసిన సిమెంటు ఖరీదును ఆమె నడుము చెల్లిస్తోంది. ఆ మెట్లకు నున్నగా మెరిసే గ్రానైటు వేస్తే మరీ ప్రమాదం. టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటుకు పెద్ద పేరుంది. కానీ మెరుగు పెట్టిన రాయి వానకు తడిస్తే కాలు నిలవదు. అదే రాయిని గరుకు చేసి వేయవచ్చు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రమాణాలు పాటించని కట్టడానికి అనుమతి ఇవ్వకూడదు. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు వట్టి సలహాలుగా ఉంటే చెల్లదని, తప్పనిసరి నియమాలు చేయాలని తీర్పు చెప్పింది. ఈ తీర్పు మనకు ఒక ఆయుధం.

రక్షణ పేరుతో తాళం

తాళం తీయమంటే యజమానులు చెప్పే ఆఖరి మాట మన నోరు మూయించేదిగా ఉంటుంది: ‘ఆడపిల్లల భద్రత కోసమే కదా.’ కొత్త స్మృతి ప్రకారం స్త్రీల సమ్మతితో రాత్రి ఏడు తర్వాత కూడా పని చేయించవచ్చు. ఈ మాట ఇక ముందు ఇంకా ఎక్కువగా వింటాం. బయటి మగవాళ్ళ నుంచి కాపాడటానికి లోపల పెట్టి తాళం వేయడం పితృస్వామ్యానికి అలవాటైన పద్ధతే. హాస్టళ్ళలో అదే, ఇళ్ళలో అదే. బయటివాడు లోపలికి రాకుండా చూడటం ఒకటి, లోపలి స్త్రీ బయటికి పోలేకుండా చేయడం ఇంకొకటి. బయటి నుంచి తాళంచెవితో మాత్రమే తెరుచుకుంటూ, లోపలి నుంచి అడ్డకడ్డీని ఒంటితో నెడితే తెరుచుకునే తలుపులు ఎప్పటి నుంచో ఉన్నాయి. దొంగతనం భయానికీ జవాబు అదే. అలాంటి తలుపు తెరిస్తే గంట మోగేలా పెట్టుకోవచ్చు. గంట మోగడం వల్ల ఎవరూ చావరు.

మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ కావాలని మనం అడుగుతున్నాం. ఫ్యాక్టరీ తలుపుకు బయట తాళం వద్దంటున్నాం. మేనేజరు గది తలుపుకు అద్దం పలక ఉండాలని, ఒంటరిగా పిలిచి గడియ వేసే వీలుండకూడదని అంటున్నాం. పైకి ఇవి వేరువేరు కోరికల్లా కనిపిస్తాయి. మూడింటిలోనూ ఉన్న సూత్రం ఒకటే. గదిలో ఉన్న స్త్రీ తన ఇష్టం మీద మూసుకోగలగాలి, తన ఇష్టం మీద తెరుచుకుని పోగలగాలి. ఆమెను లోపల ఉంచి తలుపు వేసే అధికారం ఎవరికీ ఉండకూడదు.

మనం చేయగలిగినవి

2023లో మూలపేట రేవుకు శంకుస్థాపన జరిగినప్పటి నుంచి ఈ ప్రాంతంలో కొత్త కట్టడాల గురించి చాలా మాటలు వినిపిస్తున్నాయి. తలుపు గురించి అడగవలసిన సమయం ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే. అప్పుడైతే రెక్కను బయటికి తిప్పడానికి అదనంగా ఒక్క రూపాయి కాదు. కట్టాక అదే పెద్ద ఖర్చని చెబుతారు. రెక్క రోడ్డు మీదికి వస్తుందన్న అభ్యంతరానికి, ద్వారాన్ని గోడ వరస కంటే నాలుగడుగులు లోపలికి జరిపి కట్టడమే పరిష్కారం. వాస్తు పేరుతో మూసేసిన రెండో ద్వారం సంగతి కూడా అక్కడే తేల్చుకోవాలి. మన సంఘాలు ఈ కింది కోర్కెలను తమ ప్రాంతాల్లో చర్చకు పెట్టాలని కోరుతున్నాను.

1. పదిమంది పనిచేసే ప్రతి చోటా, జనం చేరే ప్రతి కట్టడంలోనూ, ఎదురెదురు దిక్కుల్లో కనీసం రెండు ద్వారాలుండాలి. వాటి ముందు సరుకు పెట్టకూడదు.

2. ద్వారం బయటికి తెరుచుకోవాలి. లోపల మనుషులుండగా షట్టరు దించకూడదు, తాళం వేయకూడదు. షట్టరు రాత్రి కాపలాకే గానీ పనివేళల్లో దారిగా పనికిరాదు.

3. తీరప్రాంతంలో బందులు, గడియలు తుప్పు పట్టని లోహంతో ఉండాలి. మూడు నెలలకోసారి తెరిచి చూసి, తేదీ వేసి రాయాలి. ఆ రాతలో పనిచేసే స్త్రీల ప్రతినిధి సంతకం ఉండాలి.

4. మెట్ల పక్కన పన్నెండడుగులకు అడుగు ఎత్తు మించని వాలుతో ర్యాంపు, చేయి పట్టుకునే కడ్డీ, గరుకు నేల ఉండాలి. గుర్తులు తెలుగులోనూ బొమ్మలతోనూ ఉండాలి.

5. సంచీల సోదా ద్వారాన్ని ఇరుకు చేసే కారణం కాకూడదు. సోదా చేస్తే యజమాని దగ్గర నుంచి గుమాస్తా దాకా అందరికీ ఒకటే నియమం ఉండాలి.

6. పురపాలక సంఘం, పంచాయతీ మంజూరు చేసిన ప్లానుల్లో ద్వారాల వివరాలు జనానికి కనబడేలా పెట్టాలి. పెట్టని చోట సమాచార హక్కు చట్టం కింద మనమే అడగాలి.

కార్మిక సంఘాలకు గేటు మీటింగులు పెట్టే సంప్రదాయం ఉంది. గేటు ముందు నిలబడి కూలి గురించి, బోనస్ గురించి మాట్లాడాం. వచ్చే మీటింగులో వెనకనున్న గేటునే చూపించి మాట్లాడదాం. అది ఎటు తెరుచుకుంటుంది, తాళంచెవి ఎవరి జేబులో ఉంది, రెండో దారి ఏది అని లోపల పనిచేసే స్త్రీలనే అడుగుదాం. జవాబులు వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంటాయి.

1992లో నెల్లూరు జిల్లాను కదిలించిన ఉద్యమంలో ఊరూరా స్త్రీలు సారా కొట్లు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఏ తలుపు మూతపడాలో తేల్చి చెప్పిన స్త్రీలు ఈ రాష్ట్రంలో ఉన్నారు. ఏ తలుపు తెరిచి ఉండాలో చెప్పే హక్కు కూడా వాళ్ళదే. కాశీబుగ్గలో చనిపోయిన స్త్రీలకు ప్రభుత్వం ప్రకటించిన పరిహారంతో మన బాధ్యత తీరదు. అదే ఊళ్ళో ఇప్పటికీ ఒకే దారితో నడుస్తున్న కట్టడాల జాబితాను మనం తయారుచేసి అధికారుల బల్ల మీద పెట్టాలి. వచ్చే కార్తీకం లోపే పెట్టాలి.